నల్ల అట్ట ముందు బాటిల్

కోడుమూరులో కర్నూలు రోడ్డు మీదున్న ఆ ఇరవై మంచాల ఆసుపత్రికి జ్వరమనో వాంతులనో వచ్చినవాళ్లు డాక్టర్ ఉన్నాడా అని ముందు అడగరు. "ఏసుమణమ్మ ఉండాదా?" అని అడుగుతారు. ఉందంటే చెప్పులు విప్పి లోపలికొస్తారు. లేదంటే, రోగం మరీ ముదిరింది కాకపోతే, సాయంత్రం వస్తామని ఆటో ఎక్కి తిరిగిపోతారు. డాక్టర్లకు ఇది కష్టంగానే ఉండేది. ఉండదా మరి! ఏళ్లకేళ్లు చదివి గోడకు పట్టాలు తగిలించుకున్నవాళ్లను వదిలేసి నర్సమ్మ కోసం వెతుక్కుంటుంటే ఎవరికి మాత్రం బాగుంటుంది? అయినా జనం నోరు మూయించడం ఎవరి తరం?

దానికి కారణం ఒక పుస్తకం. ఏసుమణి ఏ రోగికి సెలైన్ పెట్టినా, బాటిల్‌ని స్టాండుకు తగిలించే ముందు తన సంచిలోంచి బైబిల్ తీసేది. నల్ల రెక్సిన్ అట్ట, అంచులు అరిగిపోయి ఉండేవి. దాన్ని ఎడమచేత్తో నిలబెట్టి, కుడిచేత్తో బాటిల్‌ని ఆ అట్ట ముందు పట్టుకుని, ఊపిరి బిగబట్టి, పది లెక్కపెట్టేంతసేపు కదలకుండా నిలబడేది. పెదవులు మాత్రం కదిలేవి. తర్వాత బాటిల్‌ని మెల్లగా తలకిందులు చేసి, తన తెల్లకోటు ముందు మళ్లీ అంతసేపు పట్టుకునేది. ఆ తర్వాతే సూది.

"ఏసుమణమ్మ ప్రార్థన చేసిన బాటిల్ ఎక్కితే పొద్దుగూకే లోపల జ్వరం దిగిపోతాది" అని ఊళ్లో పేరొచ్చేసింది. చర్చికి పోయేవాళ్లే కాదు, మగ్గాల వీధి వాళ్లూ, పాతబస్తీ సాయబులూ అదే మాట. "మాది వేరే దేవుడని తొందరగా కానియ్యొద్దు తల్లీ, మా బాటిల్‌కి కూడా నిదానంగా చెయ్యి" అని బతిమాలిన ముసలివాళ్లు ఎంతమందో.

అసలు సంగతేమిటంటే, ఏసుమణి అక్కడ ప్రార్థన చేసేదే కాదు. పెదవులు కదిలేది అంకెలకు. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతూ ఆమె బాటిల్లో నలకలు వెతికేది.

ఈ విద్య ఆమెకు పాతికేళ్ల కిందట, కర్నూలులో నర్సింగ్ చదివేటప్పుడు అబ్బింది. వేరుశనగ బుడ్డల చేలల్లో కూలిచేసిన తల్లి, చర్చివాళ్లు కట్టిన ఫీజు, అరువు తెచ్చుకున్న రెండు తెల్లచీరలు, ఇదీ ఆమె పెట్టుబడి. అక్కడ పాఠం చెప్పే కృపారాణి మేడమ్ ఒకరోజు రెండు సిరంజిలు తెచ్చింది. రెండింట్లోనూ నీళ్లలాగా తేటగా ఉన్న మందులు. రెండూ మంచివే, రెండూ ప్రాణాలు నిలబెట్టేవే. రెండింటినీ ఒక గాజు గ్లాసులోకి వంపింది. పిల్లలు చూస్తుండగానే గ్లాసు పాలగ్లాసు అయిపోయింది. "ఇది మీ అమ్మ నరంలోకి పోతే ఏమవుతాదో చెప్పండి" అందామె. 

"మందుల్లో కొన్ని ఒకదానికొకటి పడవు" అని ఆమె విడమరచి చెప్పింది. "పడకపోతే అవే చెప్తాయి. మబ్బు పడతాది. నలకలు తేలతాయి, లేదంటే అడుగున దిగుతాయి. రంగు మారతాది. ఉత్తపుణ్యానికి బుడగలొస్తాయి. చూసే కన్నుండాల. తెల్ల నలక తెల్లగోడ ముందు కనపడదు, నల్లదాని ముందు పెట్టు. నల్ల నలకకు తెల్లది పెట్టు. తొందరపడొద్దు, పది లెక్కపెట్టు. ఇంకోమాట. కంటికి కనపడకుండా కొట్లాడుకునే మందులు గూడా ఉండాయి. అందుకని కలవొచ్చని తెలిస్తేనే కలుపు. తెలీకపోతే దేని బాటిల్ దానిదే."

ఆ చదువుకున్న చోట నల్లరంగు వేసిన పలక ఒకటి గోడకుండేది. కోడుమూరు ఆసుపత్రిలో చేరినప్పుడు పలకా లేదు, గిలకా లేదు. చేతికందిన నల్లటి వస్తువు బైబిలొక్కటే. దేవుని వాక్యాన్ని ఇలా వాడొచ్చా అని ఆమెకు భయమేసి, ఆదివారం పాస్టర్ జయపాల్ గారిని అడిగింది. ఆయన నవ్వి, "వాక్యం ఎట్లైనా మనుషుల్ని కాపాడేదానికే గదమ్మా" అన్నాడు. దాంతో ఆమె మనసు కుదుటపడింది.

మరి చూస్తున్నానని చెప్పక ప్రార్థన అనే పేరు ఎందుకు మోసింది? మొదటి ఏడే అప్పటి పెద్ద డాక్టరు ఒకసారి పట్టుకుని, "ఏం వెతుకుతాండావు దాంట్లో? నేను రాసిందాంట్లో తప్పులా?" అని కళ్లెర్రజేశాడు. ఏసుమణి ఏదో చెప్పేలోపే, పక్కమంచం మీది రోగి, "ప్రార్థన చేస్తాంది సారూ" అన్నాడు. డాక్టరు మెత్తబడి, "అట్లైతే చేసుకోనీలే" అని వెళ్లిపోయాడు. ఆమె అబద్ధమాడలేదు. నిజమూ చెప్పలేదు. తప్పు వెతికేదాన్ని సహించని చోట ప్రార్థన చేసేదాన్ని సహిస్తారని ఆరోజు ఆమెకు అర్థమైంది. అప్పటినుంచి ఇరవై రెండేళ్లు, తేడా కనిపించిన బాటిల్ని "లీకవుతాంది సార్, వేరేది పెడతా" అంటూ పారబోసి, ఎవరినీ నొప్పించకుండా నెట్టుకొచ్చింది. అట్లా పారబోసినవి ఎన్నని ఎవరూ అడగలేదు, ఆమె చెప్పనూ లేదు.

రెండేళ్ల కిందట పెద్ద డాక్టరు విశ్రాంతి తీసుకుని, ఆయన కొడుకు భూపేష్ కుర్చీలోకి వచ్చాడు. మంచివాడు, చదువుకున్నవాడు, తిండి కూడా నిలబడే తినేంత పనిమంతుడు. అతనికి తలనొప్పంతా పచ్చ బాటిల్ దగ్గర వచ్చింది. మన జనానికి తేటనీళ్ల సెలైన్ అంటే నమ్మకం లేదు. అందులో విటమిన్ల ఇంజెక్షన్ వేస్తే పసుపుపచ్చగా మారుతుంది చూడండి, అదీ బాటిలంటే! "ఏమప్పా, ఉత్త నీళ్లు ఎక్కిస్తాండారు, పచ్చ మందు ఏసేంత ఆసుపత్రి గాదా ఇది?" అని డాక్టర్నే నిలదీస్తారు. పక్కవీధి ఆసుపత్రిలో ఎవరికైనా పచ్చ బాటిలే పెడుతున్నారని తెలిసి మంచాలు ఖాళీ అవుతుంటే భూపేష్ కూడా దిగొచ్చాడు. "అడిగినోళ్లకీ అడగనోళ్లకీ అందరికీ పచ్చదే పెట్టండి, నష్టమేముంది" అన్నాడు.

నష్టముందని ఏసుమణికి తెలుసు. పసుపు నీళ్లలో తెల్ల నలకను ఎవరు కనిపెట్టగలరు? ఆ మాట చెప్పబోతుండగానే అతను రెండోమాట అన్నాడు. "ఇంకోటి ఏసుమణి గారూ. మీ నమ్మకాన్ని నేను తప్పుపట్టను. కానీ ఈడికి అన్ని రకాలోళ్లు వస్తారు. ప్రార్థన ఇంట్లో చేసుకోండి, బాటిల్ దగ్గర వద్దు."

అప్పుడైనా చెప్పాల్సింది. పౌరుషం అడ్డొచ్చింది. ఇరవై రెండేళ్లు చేసిన పని ఏమిటో అడగను కూడా అడగకుండా ఆపెయ్యమంటాడా అనుకుంది. "సరే సార్" అని పుస్తకం సంచిలో పెట్టేసింది. అది ఆమె చేసిన తప్పని తర్వాత తానే ఒప్పుకుంది.

సెప్టెంబరు నెల, విషజ్వరాల కాలం. ఇరవై మంచాలూ నిండి వరండాలో బెంచీలు వేశారు. మగ్గాల వీధి నుంచి ఆదెన్న అనే నేతగాణ్ణి భార్య సుబ్బరత్నమ్మ తీసుకొచ్చింది. మూడురోజులుగా జ్వరం, విరేచనాలు. మనిషి వడిలిపోయి ఉన్నాడు. భూపేష్ పొద్దున చూసి యాంటీబయోటిక్ రాశాడు. పదకొండు గంటలప్పుడు ఆదెన్నకు పిక్కలు పట్టేసి విలవిల్లాడితే, అదే చీటీ మీద కింద కాల్షియం కూడా రాసి పక్కమంచానికి పరిగెత్తాడు. ఆదెన్న మంచం చూసేది స్తుతి, చదువు ముగించి మూడునెలల కిందట చేరిన పిల్ల. చీటీలో ఉన్నవన్నీ ఒకే బాటిల్లో వేసింది. పైనుంచి పచ్చ మందు వేసింది.

ఏసుమణి అప్పుడే అటువైపు నడుస్తోంది. స్టాండుకు వేలాడుతున్న ఆ బాటిల్ని దాటి రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. పచ్చ బాటిల్ వెనకనుంచి కిటికీ కమ్మీలు కనిపించాలి. ఇందులో కనిపించడం లేదు. పసుపు కలిపిన మజ్జిగలాగా ఉంది. స్తుతి ట్యూబు చివరను ఆదెన్న చేతికున్న సూదికి తగిలించబోతోంది.

"ఆగు పాపా" అంటూ ఏసుమణి ట్యూబు మీదున్న చక్రం బిగించేసింది. ఒక్క చుక్క కూడా లోపలికి పోలేదు. "ఏమేమి వేసినావు దీంట్లో?"

"చీటీలో ఉండేవే అక్కా" అంది స్తుతి బిక్కమొహంతో.

సుబ్బరత్నమ్మకు కంగారు పుట్టింది. "ఏంటికమ్మా ఆపినావు? మనిషి అల్లాడిపోతాండాడు." చుట్టుపక్కల మంచాలవాళ్లు తలలెత్తారు. భూపేష్ వచ్చాడు, చెమటలతో, విసుగుతో. "ఏమైంది సిస్టర్? అది విటమిన్ రంగు. ఎప్పుడూ అట్లనే ఉంటాది. ఎక్కించండి."

ఇక్కడ ఏసుమణి ముందు సులువైన దారొకటి ఉంది. "ఈ బాటిల్ మీద నా మనసు ఒప్పల్యా సార్, మారుస్తా" అంటే చాలు. సుబ్బరత్నమ్మే చేతులు జోడించి మార్చమనేది. డాక్టరు చిరాకుపడి వదిలేసేవాడు. ఆదెన్న బతికేవాడు, ఉద్యోగమూ నిలిచేది. కానీ ఆమె చూపు స్తుతి మీద పడింది. చేరినప్పటినుంచి, పుస్తకం సంచిలోకి పోయేదాకా ఈ పిల్ల తన పక్కనే నిలబడి రోజూ చూసింది. చూసి ఏం నేర్చుకుంది? ఏసుమణక్క భక్తి గలది అని నేర్చుకుంది. అంతే. రేపు తాను లేని పూట ఇదే పిల్ల ఇదే బాటిల్ని ఇంకెవరి చేతికో తగిలిస్తుంది. 

ఏసుమణి సంచిలోంచి పుస్తకం తీసింది.

"సిస్టర్, చెప్పినా గదా ప్రార్థన వద్దని" అన్నాడు భూపేష్, గొంతు పెంచి.

"ప్రార్థన కాదు సార్" అంది ఏసుమణి. వార్డంతా వినబడేట్టే అంది. "ఏ రోజూ కాదు. ఇది అట్ట. నల్లగా ఉండాదని పెట్టుకుంటా. మందులు ఒకదానికొకటి పడినాయో లేదో చూస్తా. ఈ బాటిల్లో పడలేదు. మీరు గూడా చూడండి."

 భూపేష్ బాటిల్ అందుకుని అట్ట ముందు పట్టుకున్నాడు. కళ్లద్దాలు తీసి తుడిచి మళ్లీ చూశాడు. "నాకేం కనపడలేదు. పచ్చగా ఉండాది, అంతే" అన్నాడు. అతని తప్పేం లేదు, ఆ రంగే అంత పని చేసింది.  తానే పొరబడ్డానేమోనని ఏసుమణి ఒక్కక్షణం భయపడింది.

అప్పుడు సుబ్బరత్నమ్మ లేచి వచ్చింది. నలభై ఏళ్లుగా మగ్గం ముందు పడుగు పోగులు సరిచేసే మనిషి. పేరు రాయడం రాదు. డాక్టర్ భుజం పక్కనుంచి తొంగిచూసి, "కొంచెం వంచు నాయనా" అంది. అతను వంచాడు. "అడుగున చూడు. తెల్లగా సన్నంగా దిగుతాండాయి. పోగులో ఇంత నలకుంటే మా అత్త నన్ను మగ్గం మీదనించి లేపేసేది. ఇది నా మొగునికి ఎక్కిస్తాండారా?"

ఏసుమణికి ఊపిరొచ్చింది. ట్రేలోంచి కాల్షియం ఆంప్యూల్ ఒకటి, కలిపి ఉంచిన యాంటీబయోటిక్ సీసా ఒకటి తీసుకుంది. పెద్ద సిరంజిలోకి ముందు కాల్షియం పీల్చింది, తేటగా ఉంది. పచ్చ మందు జోలికి పోలేదు. తర్వాత యాంటీబయోటిక్ పీల్చింది. సిరంజి అందరి కళ్లెదుటా తెల్లగా మారిపోయింది. నల్ల అట్ట ముందు పెట్టాల్సిన అవసరం కూడా లేకపోయింది.

"రెండూ మంచి మందులే సార్" అంది ఏసుమణి. "కలిస్తే సున్నం మాదిరి గడ్డకడతాయి. నరంలోకి పోతే ఊపిరితిత్తుల్లో ఇరుక్కుంటాయి. విడివిడిగా, మధ్యలో ట్యూబు సెలైన్‌తో కడిగి పెట్టాల. పచ్చది వేస్తే ఇది ఎవరికీ కనపడదు. ఆరోజే మీకు ఈ మాట చెప్పాలనుకుంటి."

భూపేష్ సిరంజిని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. అతనికి తెలియని సంగతి కాదది. పుస్తకాల్లో చదివిందే, పరీక్షలో రాసిందే. "విడివిడిగానే రాసినా నేను" అన్నాడు ముందు. చీటీ తీసి చూసుకున్నాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "లేదు. విడివిడిగా అని రాయలేదు" అన్నాడు. ఆ రెండో మాట అనడానికి మనిషికి ఎంత గుండె కావాలో వార్డులో ఉన్నవాళ్లలో ఏసుమణికే బాగా తెలుసు.

"మరి ఇన్నేళ్లు ఎందుకు చెప్పలేదు మీరు?"

"ప్రార్థన అంటే ఎవరికీ కోపం రాదు సార్. చూస్తాండా అంటే వస్తాది. అందుకని ఊరుకుంటి. అది నా తప్పే. ఈ పిల్లకు నేర్పింటే ఈరోజు ఇట్ల అయ్యేది గాదు."

స్తుతి ఏడుపు ఆపుకోలేక మొహం తిప్పుకుంది. మూలమంచం మీది ఒక అవ్వ ఇదంతా విని, చాలా నొచ్చుకుని అడిగింది. "అంటే పోయినసారి నా బాటిల్‌కి గూడా దేవునికి చెప్పల్యా నువ్వు?"

"నీ పేరు మా ఇంట్లో రాత్రి ప్రార్థనలో చెప్పినా అవ్వా" అంది ఏసుమణి. "ఈడ మాత్రం చూసినా. చూడకుండా దేవునిమీద వదిలేసేదానికి నాకు జీతమెందుకు?"

అవ్వ దుప్పటి పైకి లాక్కుంటూ, "రెండూ చేసినావు గదా, సరేలే" అని అటు తిరిగి పడుకుంది. వార్డంతా నవ్వింది. ఏసుమణి కూడా నవ్వింది. ప్రార్థన చేసే నర్సమ్మ అన్న పేరు ఆ పూటతో పోయిందని ఆమెకు తెలుసు. బాధేమీ వెయ్యలేదు. ఇరవై రెండేళ్లలో మొదటిసారి తన పనిని దాని అసలు పేరుతో చెప్పుకుంది. అందుకు ఆమెకు చెప్పలేనంత గర్వంగా ఉంది. గర్వపడొద్దా మరి? పడాల్సిందే.

ఆదెన్నకు మందులు విడివిడిగా ఎక్కించారు. నాలుగోరోజు ఇంటికి నడిచిపోయాడు. భూపేష్ పెయింటర్ని పిలిపించి వార్డు గోడకు పెద్ద పలక కొట్టించాడు, సగం నలుపు, సగం తెలుపు. పచ్చ మందు అవసరమైన వాళ్లకు మాత్రమే, అదీ విడి బాటిల్లోనే అని రాసిపెట్టాడు. కొంతమంది అలిగి పక్కవీధికి పోయారు. పోనీయండి. పాస్టర్ జయపాల్ గారికి ఈ కథ చేరాక, ఆదివారం చర్చి మెట్ల మీద, "ఇంకనైనా ఆ బైబిల్‌ని తెరిచి చదువుకునే తీరిక దొరికిందా ఏసుమణీ?" అని ఏడిపించాడు.

ఏసుమణి ఆ నెలంతా మధ్యాహ్నం భోజనాలయ్యాక స్తుతినీ మిగతా నర్సుల్నీ కూర్చోబెట్టుకుని, వాడేసిన సీసాల అడుగు మందులతో ఒక్కోటీ కలిపి చూపించింది. ఇది మబ్బు, ఇది నలక, ఇది బుడగ, ఇదేమో కంటికి కనపడదు కాబట్టి బట్టీ పట్టు. కృపారాణి మేడమ్ కన్నా కఠినంగా పరీక్షలు పెట్టింది. తప్పు చెప్పినవాళ్లకు టీ లేదు.

జనవరిలో ఒక పొద్దున, మూర్ఛ వచ్చిన పెద్దాయన్ని ఆటోలో తెచ్చారు. సూదిమందుతో మూర్ఛ ఆగింది. మళ్లీ రాకుండా ఇంకో మందు ఎక్కించాలి. హడావుడిలో భూపేష్ చేతికందిన గ్లూకోజు బాటిల్లో తానే ఆ మందు కలిపి స్టాండుకు తగిలించబోయాడు. ఏసుమణి వార్డు అవతలి చివర ఇంకొకరికి కట్టు కడుతోంది. అక్కడినుంచే ఆమెకు గ్లూకోజు బాటిల్ గుర్తుపట్టడం కష్టం కాలేదు. ఆ మందుకు గ్లూకోజు పడదు. కట్టు వదిలి లేవబోయింది.

"ఆగండి సార్" అన్న మాట వినబడింది. స్తుతిది ఆ గొంతు. వణకలేదు. డాక్టర్ చేతిలోంచి బాటిల్ తీసుకుని నేరుగా గోడ పలక దగ్గరికి నడిచింది. నలుపు ముందు పెట్టి, పెదవులు కదుపుతూ నిలబడింది. భూపేష్ చేతిలో టేపు ముక్కతో, పది అంకెలూ అయ్యేదాకా ఆగాడు. "మబ్బు పడతాండాది సార్. దీనికి ఉప్పు సెలైన్ కావాల" అని ఆమె రెండో బాటిల్ తీసింది.

ఏసుమణి మళ్లీ కూర్చుంది. ఆ రెండో బాటిల్ని చూసేందుకు ఆమె లేచి వెళ్లలేదు. చేతిలో ఉన్న కట్టును నిదానంగా, గట్టిగా కట్టి ముగించింది.